మేకుకి వేలాడిన గార్డు

మొన్న భావనపాడు ఒడ్డున ఒకతను గ్రైండర్‌తో ఫైబర్ పడవ కోస్తున్నాడు. కాలుతున్న ఫైబర్ ఘాటు ముక్కుకి తగలగానే నాకు ఒళ్లు మండింది. గ్రైండర్ పిడికి నిమ్మకాయ కట్టి ఉంది. చక్రానికి ఉండాల్సిన ఇనప గార్డు మాత్రం లేదు.

“గార్డేదీ?” అన్నాను.

“అదుంటే పనికి అడ్డమొస్తాదమ్మా,” అన్నాడు నవ్వుతూ.

మా నాన్న కూడా అదే మాట అనేవాడు. పడవలు బాగుచేసే మా పాకలో గార్డు ఎప్పుడూ మేకుకే వేలాడేది. శుక్రవారం శుక్రవారం గ్రైండర్‌కి కొత్త నిమ్మకాయ కట్టే పని నాది. నాన్నని కాపాడేది ఆ కాయేనని గట్టిగా నమ్మేదాన్ని. ఒక శుక్రవారం ఆటలో పడి మర్చిపోయాను. మర్నాడు చక్రం పగిలి, ముక్క ఎగిరొచ్చి నాన్న కంట్లో దిగింది.

“కాయ మార్సలేదేటే? నీ వల్లే మీ అయ్య కన్ను పోనాది!” అని నాయనమ్మ అందరి ముందూ అరిచింది.

నాన్న కాదనలేదు. ఆ మౌనం మీద నాకు ఇప్పటికీ కోపమే. పగిలిన ముక్కని ఆపాల్సింది గార్డని ఆయనకి తెలుసు. నాకే తెలియదు. ఆ కన్ను నేనే తీశాననుకుంటూ పెరిగాను.

ఒంటికన్నుతో నాన్న మళ్లీ పనిలో దిగిన రోజు, నాయనమ్మ నన్ను పక్కకి నెట్టి, తనే పెద్ద నిమ్మకాయ చూసి గ్రైండర్‌కి కట్టింది. గార్డు మేకుకే ఉంది.