బక్కయ్య వెల్లకిలా పడుకున్న మధ్యాహ్నం

పాన్‌గల్ బక్కయ్యకు ఒకే ఒక్క విద్య వచ్చు: నిద్ర. వలస పనుల్లో ఇసుక కుప్పల మీద, కదిలే లారీ మీద, కంకర మిషన్ పక్కన కూడా హాయిగా పడుకునేవాడు. మేస్త్రీలు తిట్టి తిట్టి అలిసిపోయారు. అలాంటి మనిషికి గుండెలో కవాటం మూసుకుపోయే జబ్బు వచ్చింది. కాళ్లు ఉబ్బాయి. నడుం వాలిస్తే చాలు, ఊపిరాడేది కాదు. రెండేళ్లు గోడకు ఆనుకుని కూర్చునే తెల్లవార్చాడు. అతని ఊపిరి వింటూ పక్కనే భార్య తిమ్మమ్మ కూడా కూర్చునేది.

రెండువేల ఎనిమిదిలో హైదరాబాద్ దవాఖానలో తొడ నరంలోంచి సన్నటి గొట్టం గుండెదాకా పంపి, దాని కొసనున్న బుడగను ఉబ్బించి కవాటం తెరిచారు. ఛాతీ మీద గీత కూడా పడలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

పక్కింటి గోవిందుకు కడుపు మీద జానెడు కోత ఉంది. అడిగినా అడగకపోయినా చొక్కా ఎత్తి చూపిస్తాడు.

"నీ కోత ఏది బక్కన్నా?"

"తొడ కాడ జర పొడిసిండ్రు, గంతే."

"గుండె బాగలేదంటే తొడకు చేసిండ్రా? మంచిగ మోసం చేసిండ్రు పో!"

ఇలాంటి వైద్యులకు మా ఊళ్లో కరువు లేదు. వింటుంటే నాకు ఒళ్లు మండేది. విచిత్రమేమిటంటే బక్కయ్య కూడా నమ్మేశాడు. వాపు దిగింది, జొన్నరొట్టెలు లాగిస్తున్నాడు, బోరుదాకా నడుస్తున్నాడు. పడుకోమంటే మాత్రం గోడ వదలడు. "పండుకుంటే సస్త," అంటాడు.

తిమ్మమ్మకు ఓపిక నశించింది. ఒక మధ్యాహ్నం అరుగు మీద చాప పరిచింది.

"పండుకో. సస్తే నీతోని నేను గూడ సస్త. గని ఇంక కూసోను."

జనం చేరారు. గోవిందు అందరికంటే ముందు. బక్కయ్య భార్య చేయి గట్టిగా పట్టుకుని, కొంచెం కొంచెంగా వాలాడు. ఊపిరి ఆడింది. ఆశ్చర్యంగా చూరుకేసి చూస్తూ చూస్తూనే నిద్రపోయాడు.

సరిగ్గా అప్పుడే అతని అక్క రాధమ్మ, తమ్ముణ్ని చూసిపోదామని అమ్రాబాద్ నుంచి అరటిపళ్లతో దిగింది. చాప మీద వెల్లకిలా తమ్ముడు, చుట్టూ మూగగా జనం, తలాపున కన్నీళ్లతో తిమ్మమ్మ. పళ్లు అక్కడే పారేసి రొమ్ము బాదుకుంది.

"నన్నిడిసి పోతివా తమ్మీ!"

ఆ ఏడుపుకి గోవిందు కూడా అలవాటు కొద్దీ తువ్వాలతో కళ్లొత్తుకున్నాడు. బక్కయ్య కదల్లేదు.

తిమ్మమ్మ లేచి ఆడబిడ్డ నోటికి చేయి అడ్డం పెట్టింది.

"ఏడిస్తే ఏడువు వదినె, గని జర మెల్లగ. లేస్తడు."