చొక్కాల మీద సుంకం

2025 వానాకాలంలో నేను బెంగళూరు బెళ్ళందూరులోని ఒక కాంట్రాక్టు కంపెనీలో తెలుగు కంటెంట్ విభాగానికి నాణ్యత విశ్లేషకుడిగా ఉన్నాను. ఇప్పుడు ఆ విభాగం లేదు. ఆ పని సాఫ్ట్‌వేరే చేసుకోగలదని తేల్చాక కొందరిని వేరే పనుల్లోకి మార్చారు, కొందరం బయటికి వచ్చేశాం. నాకింకా ముప్పై రెండేళ్ళే. అయినా ఆ వృత్తి వరకు నేను రిటైరైనవాడినే. తిరిగి వెళ్దామన్నా ఆ ఉద్యోగం లేదు. ఆ పని ఎలా ఉండేదని అడిగేవాళ్ళు మాత్రం ఉన్నారు. వాళ్ళ కోసం ఒక్క సంఘటన రాస్తున్నాను.

ముందు పని సంగతి. ఒక పెద్ద సోషల్ మీడియా వేదికలో తెలుగు పోస్టు మీద ఎవరైనా ఫిర్యాదు చేస్తే, లేదా సాఫ్ట్‌వేర్‌కే అనుమానం వస్తే, ఆ పోస్టు మా దగ్గరికి వచ్చేది. అలా వచ్చినవన్నీ నిలబడే వరసని క్యూ అంటాం. రివ్యూయర్ వాటిని ఒక్కొక్కటిగా చదివి, ఉంచాలో తీసేయాలో నిర్ణయిస్తాడు. అతని నిర్ణయాల్లో కొన్నిటిని నేను మళ్ళీ పరీక్షించాలి. నా పైన టీమ్ మేనేజర్. ఆమె దగ్గర కూడా తేలనివి అమెరికాలోని పాలసీ బృందానికి వెళ్తాయి. పోస్టు రాసినవాళ్ళ పేర్లు మాకు కనిపించవు. వాళ్ళతో మాట్లాడే అవకాశం ఏ స్థాయిలోనూ ఉండదు.

ఆ నెలల్లో మా క్యూ నిండా అమెరికా అధ్యక్షుడే. సినిమా హీరోల అభిమానుల తగాదాలను కూడా ఆయన వెనక్కి నెట్టాడు. తెలుగులో ఆయన గురించి ఇంతమందికి ఇంత గట్టి అభిప్రాయాలు ఉంటాయని నేను అనుకోలేదు. దేశం కోసం మొహమాటం లేకుండా నిలబడే మనిషని ఒక పక్షం. పాత మిత్రదేశాలతోనే బేరాలాడేవాడు మనకేం మిత్రుడని రెండో పక్షం. వీసాల గురించి, యుద్ధాల గురించి, మన మీద వేసిన సుంకాల గురించి రోజంతా కొట్లాట. మా నిబంధన ప్రకారం పదవిలో ఉన్న నాయకుణ్ణి ఎంత కటువుగా తిట్టినా, ఎంత పొగిడినా ఉంచాల్సిందే. బెదిరింపులు, దొంగ ఖాతాలతో నడిపే ప్రచారం మాత్రం తీసేయాలి.

కొట్లాట మా భోజనాల బల్ల దగ్గరా ఉండేది. విజయవాడ కుర్రాడు వంశీ అధ్యక్షుడి పక్షం. పక్క సీటు నజీర్‌ది కడప. ఇద్దరూ రివ్యూయర్లే.

“గట్స్ ఉన్న లీడర్ రా. మనోళ్ళలా మీటింగుల్లో నవ్వుతూ ఫొటోలు దిగడు, డైరెక్ట్‌గా చెప్పేస్తాడు,” అనేవాడు వంశీ.

“యాడ డైరెక్టు సామీ? పొద్దున ఒగటి చెప్తాడు, మాపిటేలకు ఇంగొగటి. మా మామ కూడా అంతే, ఆయప్పను కూడా పెసిడెంటు చేసేద్దామా?” అనేవాడు నజీర్.

ఒకరోజు ఉదయం సాఫ్ట్‌వేర్ ఒక గ్రూపు మొత్తాన్ని స్తంభింపజేసి మా ముందు పెట్టింది. బెంగళూరు పక్కనున్న దొడ్డబళ్ళాపురం ప్రాంతంలోని తెలుగువాళ్ళ గ్రూపు. స్తంభింపజేయడమంటే తీసేయడం కాదు. నిర్ణయం వచ్చేవరకు అందులో ఎవరూ ఏమీ రాయలేరు, చదవలేరు. ఆరోపణ ఏమిటంటే, డబ్బు తీసుకుని సామూహికంగా చేస్తున్న ప్రచారమని. పాలసీ బృందం దీన్ని పై వరసలో పెట్టింది. తమ అధ్యక్షుడి మీద విదేశాల్లో ఎవరో పనిగట్టుకుని ప్రచారం చేస్తున్నారంటే అక్కడ అందరికీ కంగారే. మర్నాడు సాయంత్రంలోగా తేల్చమన్నారు.

సభ్యుల్లో చాలామంది ఒకే పోస్టును అక్షరం మారకుండా పెట్టారు. అది ఇదీ: “మనోళ్ళు పూలదండ వేస్తే ఆయన మన చొక్కాల మీద సుంకం వేసె. ఆయన పేరు చెప్పి మన ఓవర్‌టైం కోసిన ఓనరు మాత్రం మనోడా?”

ఇలాంటి కేసుల్లో మేం చూసే ఆనవాళ్ళు కొన్ని ఉన్నాయి. ఒకే పాఠం, ఒకే నెట్‌వర్క్, కొత్త ఖాతాలు, మనిషి ముఖానికి బదులు పువ్వో దేవుడో ఉన్న ఫొటో, పోస్టులన్నీ ఒకే వేళల్లో రావడం. ఇక్కడ అన్నీ ఉన్నాయి. పైగా సాఫ్ట్‌వేర్ రాసిన సారాంశంలో “పోస్టులు రాత్రి వేళల్లో మాత్రమే” అని ఉంది. కేసు వంశీకి వచ్చింది. అతను తొలగించమని రాశాడు.

కేసు ఏ గ్రూపు మీదో తెలియగానే నజీర్ లేచి మేనేజర్ సుజాత మేడమ్ దగ్గరికి వెళ్ళాడు. మా వృత్తిలో ఒక కట్టుబాటు ఉంది. కేసులో ఉన్నవాళ్ళు మనకు తెలిసినవాళ్ళయితే వెంటనే ఆ మాట చెప్పి తప్పుకోవాలి. తప్పుకున్నాక ఆ కేసు గురించి తెలిసింది ఏదీ, మంచైనా చెడైనా, నోట రాకూడదు. నజీర్ అక్క దొడ్డబళ్ళాపురంలో చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. ఆ గ్రూపులో ఆమె కూడా ఉంది. అంతవరకు చెప్పి సంతకం పెట్టి, కంప్యూటర్ ఆపేసి, వేరే వరసలోని సీటుకు మారిపోయాడు.

దారిలో నన్ను చూసి నవ్వబోయాడు కానీ సరిగ్గా రాలేదు. “నేను హీరోల ఫ్యాన్స్ క్యూలో ఉండా అన్నా. ఆడ శానా ప్రశాంతంగా ఉండాది,” అన్నాడు.

ఆ మధ్యాహ్నమే గ్రూపు నడిపే ఆమె అప్పీలు వచ్చింది. పేరు మాకు కనపడలేదు. ఫ్యాక్టరీలో లైను సూపర్‌వైజర్‌నని రాసుకుంది. ఒక వరస మిషన్ల మీద కుట్టేవాళ్ళందరి పనీ చూసే మనిషి. ఆమె మాట్లాడుతుంటే ఫోనే అక్షరాలుగా మార్చినట్టుంది, ఎక్కడా చుక్క లేదు.

“అప్పా మా గుంపు ఎందుకు మూసినారు మేం ఎవర్నీ బూతులు తిట్టలేదు ఆర్డర్లు నిలిచిపాయె సగం యూనిట్లు వారానికి మూడు దినాలే తీస్తాండారు ఏ యూనిట్లో రేపు పని ఉండాదో మాకు దీంట్లోనే తెలుస్తాది అది లేకుంటే ఆడోళ్ళు పొద్దున్నే బస్సెక్కి గేటు గేటుకీ తిరగాల సోమవారం ఒక యూనిట్లో కొత్తగా తీసుకుంటారంట ఆ మాట చెప్పనీకన్నా తెరవండప్పా”

చదివాక నాకు విషయం స్పష్టమైంది. అధ్యక్షుడి మీద చర్చ ఆ గ్రూపులో జరిగే పనుల్లో ఒకటి మాత్రమే. గ్రూపు పోతే పోయేది ఆ చర్చ కాదు, సోమవారం పని కబురు. కానీ అప్పీలులో రాసిన మాటను సాక్ష్యంగా తీసుకోకూడదు. దొంగ ప్రచారం నడిపేవాళ్ళు ఇంతకంటే జాలిగొలిపేలా రాస్తారు. అలాంటివి నేను చాలా చూశాను.

సుజాత మేడమ్ పుట్టి పెరిగింది కె.ఆర్.పురంలో. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. ఆమె నన్ను పిలిచి, “శ్రీకాంతూ, వంశీ ఎట్లాగూ ఆయప్ప మనిషే. కోపంతో తీసేయమన్నాడేమో స్వల్ప చూడప్పా. నాకు రెండు దిక్కులా అనుమానమే ఉండాది,” అంది.

అది నా ఉద్యోగంలో భాగమే. వంశీ అంతకుముందు ఇచ్చిన నిర్ణయాల్లోంచి అధ్యక్షుణ్ణి తిట్టిన పోస్టులు కొన్ని, పొగిడిన పోస్టులు కొన్ని తీసి పక్కపక్కన పెట్టాను. తేడా కనిపించలేదు. అధ్యక్షుణ్ణి పేరు పెట్టి తిట్టినవాటిని ఏ తకరారూ లేకుండా ఉంచాడు. అధ్యక్షుడి తరఫున ఎదుటివాళ్ళని బెదిరించినవాటిని తీసేశాడు. ఈ కేసులో కూడా అతను ఆనవాళ్ళ ప్రకారమే వెళ్ళాడు. తప్పు రివ్యూయర్‌ది కాకపోతే, ఆనవాళ్ళలోనే ఏదో ఉండాలి.

అప్పుడు రాత్రి వేళల సంగతి మీదికి నా చూపు మళ్ళింది. పొద్దున మిషను ఎక్కే మనుషులు నిద్ర మానుకుని రాజకీయాలు ఎందుకు రాస్తారు? సారాంశం పక్కనపెట్టి మూల డేటా తెరిచాను. పోస్టుల వేళలు చూపే గ్రాఫు అమెరికాలో ప్రధాన కార్యాలయం ఉన్న చోటి గడియారం ప్రకారం గీసి ఉంది. అది అందరికీ తెలిసిన విషయమే, కానీ సారాంశం తయారుగా ఉన్నప్పుడు గ్రాఫు అడుగున ఉన్న ఆ చిన్న అక్షరాలను ఎవరూ చదవరు. వాళ్ళ రాత్రి మన పగలు. గ్రాఫును మన టైముకు మార్చాను. పోస్టులన్నీ పట్టపగలు వచ్చినవే. మూడు శిఖరాలు కనిపించాయి. ఒకటి ఉదయం, ఒకటి మధ్యాహ్నం, ఒకటి సాయంత్రం. మధ్యలో దాదాపు ఏమీ లేదు. ఆదివారం అసలే లేదు.

దానివల్ల అనుమానం తగ్గకపోగా పెరిగింది. ఆఫీసు పెట్టి జీతాలిచ్చి రాయించినా ఆదివారం సెలవే ఉంటుంది. నాకేమీ తోచక వంశీని పిలిచి గ్రాఫు చూపించాను. నిర్ణయం అతనిదే కాబట్టి, కొత్త సమాచారం అతనికి చూపించడం పద్ధతి కూడా.

అతను కాసేపు చూశాడు. కుర్చీలో వెనక్కి వాలాడు. “అన్నా, ఇది మన గ్రాఫే కదా.”

“మనదేంటి?”

“మన ఫోన్లెక్కడుంటాయి? లాకర్లో. బ్రేక్ ఇవ్వగానే అందరం ఏం చేస్తాం? పరిగెత్తుకుంటూ వెళ్ళి, క్యాంటీన్ వైఫైలో ఒకేసారి ఫోన్లు తీస్తాం. మన ఫ్లోర్ వాళ్ళ పోస్టులు గ్రాఫ్ గీస్తే ఇలాగే వస్తుంది. టీ, లంచ్, టీ. డబ్బులిచ్చి రాయించే బ్యాచ్ డ్యూటీలో రాస్తారు, బ్రేక్‌లో ఆపుతారు. వీళ్ళు డ్యూటీలో ఆపి బ్రేక్‌లో రాస్తున్నారు. రివర్స్.” లేచి, “ఆవిడెవరో చెప్పింది నిజమే అన్నా. నా డెసిషన్ మార్చేస్తున్నా,” అన్నాడు.

ఆ తర్వాత మిగిలిన ఆనవాళ్ళన్నీ ఒక్కొక్కటిగా విడిపోయాయి. ఒకే నెట్‌వర్క్ అంటే క్యాంటీన్ వైఫై. కొత్త ఖాతాలంటే పని కబుర్ల కోసం ఈమధ్యే చేరినవాళ్ళు. పువ్వుల ఫొటోలంటే, కొత్తవాళ్ళున్న చోట తమ ముఖం పెట్టడం ఇష్టం లేని ఆడవాళ్ళు. ఇక ఒకే పాఠం. తెలుగు టైపు చేయడం రానివాళ్ళు తమకు నచ్చిన మాటను నొక్కిపట్టి కాపీ చేసి తమ పేరు మీద పెడతారు. మా అమ్మ పండగ శుభాకాంక్షలు పంపేదీ అలాగే. వాళ్ళ లెక్కలో అది సంతకం పెట్టడం.

సాయంత్రం అమెరికా పాలసీ బృందంతో ఫోన్ కాల్. అవతల ఉన్న అధికారి మర్యాదస్తుడు, తొందరపడే మనిషి కాదు. గ్రాఫును ఒప్పుకున్నాడు. కానీ ఒక ప్రశ్న వేశాడు: సుంకాల వల్ల నష్టపోయింది ఫ్యాక్టరీ యజమానులు. వాళ్ళే విరామ సమయంలో పనివాళ్ళ చేత ఇలా రాయిస్తుండవచ్చు కదా?

న్యాయమైన ప్రశ్నే. నేను ఆ పోస్టులోని రెండో వాక్యాన్ని ఇంగ్లీషులోకి అనువదించి చెప్పాను. సాఫ్ట్‌వేర్ రాసిన సారాంశంలో మొదటి వాక్యమే ఉంది, అధ్యక్షుడి మీది విమర్శ అందులోనే ఉంది కాబట్టి. రెండోది ఓవర్‌టైం కోసిన ఓనరు గురించి. సుజాత మేడమ్ మైకు మూసి నాతో, “తన్ను తిట్టనీకి తానే కూలిచ్చే ఓనరు ఈ బెంగళూరులో ఎవడప్పా ఉండాడు?” అంది. మైకు తెరిచి అదే మాటను చక్కటి ఆఫీసు ఇంగ్లీషులో చెప్పింది. అవతలి నుంచి చిన్న నవ్వు వినిపించింది. గ్రూపును తెరవమన్నారు. ఒకే పాఠాన్ని ఒక్కరే పదేపదే పెట్టకుండా చిన్న పరిమితి మాత్రం పెట్టారు.

తెరిచాక కొంతసేపు గమనించడం నియమం. మొదట వచ్చిన పోస్టు గ్రూపు నడిపే ఆమెదే. అందులో అధ్యక్షుడు లేడు, సుంకం లేదు, మా మీద ఫిర్యాదూ లేదు. సోమవారం ఏ యూనిట్లో ఎంతమందిని తీసుకుంటున్నారో, ఏ గేటు దగ్గరికి రావాలో, ఎవర్ని అడగాలో రాసింది. కింద వరసగా “నేను వస్తాండా” అని జవాబులు.

కేసు మూసినట్టు నమోదయ్యాక నజీర్ పాత సీటుకు వచ్చాడు. ఏం జరిగిందని అతను అడగలేదు, నేనూ చెప్పలేదు. గ్రూపు తెరుచుకున్న సంగతి వాళ్ళక్క ఈపాటికే చెప్పి ఉంటుంది. వంశీ భుజం మీద ఒక్క చరుపు చరిచి, “నీ పెసిడెంటు ఈ పొద్దు ఏమన్యాడు సామీ?” అన్నాడు.

“సుంకం ఇంకా పెంచుతాడంట. పెంచాలి కూడా,” అన్నాడు వంశీ. మళ్ళీ మొదలుపెట్టారు.

ఆ సంఘటన నుంచి నేను తెలుసుకున్నవి రెండు. మొదటిది, మనిషి అభిప్రాయాన్నీ అతని తీర్పునూ విడివిడిగా కొలవాలి. ఆ ఆడవాళ్ళు రాసినదాంట్లో ఒక్క ముక్కతో కూడా వంశీ ఏకీభవించలేదు, అయినా వాళ్ళు నిజమైన మనుషులని మొదట పట్టుకున్నది అతనే. రెండోది ఆ కట్టుబాటు గురించి. ఆ కేసులో నిజం ముందునుంచీ తెలిసిన ఒకే ఒక్క మనిషి మాకు ఒక వరస అవతల నోరు మెదపకుండా కూర్చున్నాడు. కట్టుబాటు సరైనదేనని ఇప్పటికీ అంటాను. తెలిసినవాళ్ళ మీద మనమే తీర్పు చెప్పుకుంటే ఆ తీర్పును ఎవరూ నమ్మరు. కానీ తెలిసినవాణ్ణి తప్పించిన చోట కూర్చునేవాడు, ఎదుటివాళ్ళు ఏం రాశారో చదివితే సరిపోదు. వాళ్ళ రోజు ఎలా గడుస్తుందో కూడా కనుక్కుని, ఆ తర్వాతే సంతకం పెట్టాలి.