లోకం పుట్టకముందు ఒక్కడేనా

అరబ్బు దేశంలో, సమాయిల్ అనే ఊళ్లో కొండ కింద పుట్టే ఊట నీరు రాతి కాలువలో తోటలకు వస్తుంది. ఆ కాలువను ఫలజ్ అంటారు. ఏ తోటకు ఎంతసేపు పారాలో పగటిపూట కర్ర నీడ చెబుతుంది. నీడ ఒక గీత తాకగానే కృపావరం తన యజమాని ఖర్జూరపు తోట వైపు రాయి తీస్తాడు, ఇంకో గీత తాకగానే మూస్తాడు. పదకొండేళ్లుగా అదే డ్యూటీ.

రెండేళ్ల క్రితం ముమ్మిడివరంలో అతని భార్య దయామణి పోయింది. చివరి చూపుకు వెళ్లడం కుదరలేదు. అప్పటినుంచి అతని సాయంత్రం ప్రార్థన ఒక్క మాటే: "నీకు తెలుసు కదా, తండ్రీ." లోకాన్ని చేయకముందు దేవుడూ ఒక్కడే ఉండి ఉంటాడు. ఒంటరితనం గురించి ఆయనకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

పట్నంలో రూవి చర్చిలో తెలుగు బైబిల్ క్లాసు చెప్పే నర్సు షీబా, ఈ శుక్రవారం కాలం పుట్టకముందు ఏముందో చెబుతుందని తెలిసింది. ఆ రోజు నీటి వంతు లేదు. అప్పుడు దేవుడు ఒక్కడే ఉన్నాడన్న మాట ఆమె నోట వినాలని బయల్దేరాడు.

దారిలో కిరాణా కొట్టు నడిపే కడప ఖమరుద్దీన్ ఆపాడు. "ఇంత తెల్ల చొక్కా ఎప్పుడూ సూడలేదన్నా! పెండ్లిసూపులకా?"

"దేవుడి గురించి ఒకటడగాలెహె."

"అడుగు. నా పాల ప్యాకెట్లు ఎప్పుడొస్తాయో గూడా అడుగు."

క్లాసులో షీబా చెప్పింది: లోకంతో పాటే దేవుడు కాలాన్నీ చేశాడని తొలినాటి సంఘ పెద్దలు అన్నారట. అంతకు ముందు 'ముందు' అనేదే లేదట. కృపావరానికి అది చిక్కుగా తోచలేదు. ఊట దగ్గర ఎవరూ నీడ కర్ర పాతరు. నీటి పంపకం మొదలయ్యే చోటే పాతుతారు.

ప్రశ్న అడగడానికి మొదటిసారి వెనక వరసలోంచి లేచాడు. "మరి అప్పుడు ఆయనొక్కడే ఉండేవోడాండి?"

"లేదు బాబాయ్," షీబా నవ్వింది. "తండ్రి, కుమారుడు, ఆత్మ ఎప్పుడూ కలిసే ఉన్నారు. ఊట ఉందంటే దాని పాయ ఉన్నట్టే కదా? ఆ పెద్దలు చెప్పిన పోలికే. దేవుడు ఎన్నడూ ఒంటరిగా లేడు."

చుట్టూ అందరూ స్తోత్రం అన్నారు.

"అలాగాండి," అని కూర్చున్నాడు.

మర్నాడు సాయంత్రం వంతు అయిపోయాక రాయి మూశాడు. నీరు పక్క తోటకు సాగిపోయింది. గట్టు మీద మోకరించి "నీకు తెలుసు..." అని ఆగిపోయాడు.

మోకాళ్ల మీంచి లేచి గట్టు మీదే కూర్చున్నాడు.

"నీకు తెలీదు తండ్రీ. చెప్తాను, విను. పొద్దున్నే టీ పెట్టుకుంటానా, ఇయ్యాల ఎండెక్కువుందని పైకే అంటాను. ఎవరూ ఏమనరు..."