తుపాకికి కాపలా పంట

నేను కోడలిగా అడుగుపెట్టిన ఇంట్లో వంటింటి గోడకు ఒక తుపాకి వేలాడుతుండేది. దాని మీద మా అత్త తడి తువ్వాలు ఆరేసేది. మందు కూరి, గుండ్లు పోసి, కమ్మీతో దట్టించి పేల్చే పాతకాలపు నాటు తుపాకి అది. నిడుగల్లు కొండ దిగువన ఉన్న మా వేరుశనగ చేను మీద అడవి పందులు పడకుండా మామ తండ్రి కాలంలో సర్కారు దానికి లైసెన్సు ఇచ్చింది. తండ్రి పోయాక అది మామ పేరు మీదికి మారింది. అయితే మామ పందిని కొట్టగా చూసినవాళ్లు ఊళ్లో ఎవరూ లేరు. పంది కనిపిస్తే ఆయన ఆకాశంలోకి పేల్చేవాడు. అదేమిటని అడిగితే, దాని వెనక పిల్లలుంటాయి కదా అనేవాడు.

నేను చెప్పేది వరసగా మూడేళ్లు వానలు మొహం చాటేసిన కాలం. చేను బీడుపడింది. పందులు కూడా మా మీద ఆశ వదులుకుని ఎటో పోయాయి. తుపాకికి తువ్వాలు మోయడం తప్ప పని లేదు. సరిగ్గా అప్పుడే కన్నడ పేపర్లో అగ్గిపెట్టె అంత వార్త ఒకటి వచ్చింది. పంట కాపలాకు ఇచ్చిన తుపాకి లైసెన్సులను సర్కారు మళ్లీ పరిశీలిస్తుందట, అవసరం లేనివాళ్లవి రద్దు చేసే ఆలోచన ఉందట. మాది పావగడ తాలూకా, ఇంట్లో తెలుగు, బడీ సర్కారూ కన్నడం. నేను ఎస్సెల్సీ, అంటే పదో తరగతి దాకా కన్నడంలో చదివినదాన్ని కాబట్టి మామకు చదివి వినిపించాను. ఆయన మళ్లీ చదవమన్నాడు. ఆరుసార్లు చదివించుకున్నాడు.

"ఆలోచన అనుండాదా, ఆర్డరు అనుండాదామ్మా?"

"ఆలోచనే మామా."

"సర్కారోళ్లకి ఆలోచన వచ్చిందంటే అయిపోయినట్లే."

అత్త పొయ్యి దగ్గర నుంచే అందుకుంది. "మన ఊరికి రోడ్డు ఏసేకి నా పెండ్లి కాడ్నుంచి ఆలోచన చేస్తానే ఉండారు. ఏసినారా?"

"ఇచ్చే ఆలోచన వేరే, పెరుక్కునే ఆలోచన వేరే" అన్నాడు మామ.

మరుసటి రోజు టీ హోటలు ముందు చుట్టుపక్కల లైసెన్సుదారులు మామతో కలిపి ఏడుగురు చేరారు. వార్త చదివి పెట్టడానికి మామ నన్ను కూడా తీసుకుపోయాడు. అందరూ పెద్దవాళ్లే, అందరి తలపాగాల్లోనూ లైసెన్సు పుస్తకాలు ఉన్నాయి. అరసికెరె నుంచి వచ్చినాయన, తాలూకా ఆఫీసు ముందర నిమ్మకాయ కట్టి కాల్చమంటారని, గురి తప్పినవాడి తుపాకి అక్కడే పెరుక్కుంటారని చెప్పాడు. ఇంకొకాయన అదంతా కాదన్నాడు.

"చేన్లోకి వచ్చి చూస్తారంట. పంటే లేనోనికి పంట కాపలా ఏందప్పా అంటారంట."

అందరూ గట్టిగా నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఒక్కొక్కరే ఆగిపోయారు. ఏడుగురి చేలూ బీడే.

ఎందుకైనా మంచిదని మామ మూడు రోజులు దొడ్డిగోడ మీద నిమ్మకాయ పెట్టి, మందు లేకుండానే గురి చూశాడు. నాలుగో రోజు అత్త ఆ నిమ్మకాయ కోసి చిత్రాన్నం కలిపేసింది.

ఇదంతా చూసి నాకూ నవ్వు వచ్చేది. ఒక సాయంత్రం ఉండబట్టలేక, ఆ ఇనుప గొట్టం పోతే పోనివ్వమని అనేశాను. మామ కరువు పనిలో రాళ్లు కొట్టి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. కోపం తెచ్చుకోలేదు.

"పహణిలో నాకు భూమి ఉండాదని రాసినారు. కరువు పని పుస్తకంలో కూలోడని రాసినారు. నాకు పంట ఉండాదని రాసిన కాగితం ఆ లైసెన్సు ఒగటేమ్మా. అది కూడా పోతే నేనేమని చెప్పుకోవల్ల?"

నాకు సిగ్గేసింది.

శివరాత్రి వెళ్లాక మామ ఒక ఆలోచన చేశాడు. సర్కారు ఆలోచన కంటే ప్రమాదకరమైనది. వాళ్లు చూడటానికి వచ్చేలోగా ఎలాగైనా పంట పెట్టాలి. అత్త వాన కోసం దాచిన విత్తనాల కుండ అటక మీద ఉంది. ఇంట్లో మిగిలిన విత్తనం అంతే. దాన్ని దింపుతుంటే అత్త నిచ్చెన పట్టుకుని కదలనివ్వలేదు.

"వాన పడితే ఏం ఏస్తావప్పా, తుపాకి నాటుతావా?"

"లైసెన్సు లేకపోతే ఏం పండించినా పందుల పాలే కదే."

చివరికి ఆయనే గెలిచాడు. ఇంటి వెనక ఐదు గుంటల నేలలో, అంటే ఎకరంలో ఎనిమిదో వంతులో, విత్తనం పడింది. ఇక నీళ్లు. ఊరి బోరింగు దగ్గర వరస కట్టి, పొద్దున ఇరవై బిందెలు, సాయంత్రం ఇరవై బిందెలు అత్తా నేనూ మోశాం, చెంబుతో మొక్క మొక్కకూ పోశాం. మొక్కలకు పోసిన నీళ్ల కంటే నేను తిట్టిన తిట్లే ఎక్కువ. బోరింగు దగ్గర ఆడవాళ్లు "తుపాకికి మేత పెంచుతా ఉండారంట" అని ఎగతాళి చేసేవాళ్లు. అయినా నిజం చెప్పాలంటే, చుట్టూ ఎర్రటి బీడు మధ్యలో ఆ ఐదు గుంటలు పచ్చగా లేచేసరికి వాళ్లే వచ్చి గట్టు మీద కూర్చుని చూసిపోయేవాళ్లు. మామ రోజూ రాత్రి చేను పక్కన మంచం వేసుకుని, తుపాకి పక్కన పెట్టుకుని పడుకునేవాడు.

అంతలో ఎలక్షన్లు వచ్చాయి. ఎలక్షన్లంటే తుపాకులన్నీ పోలీస్ స్టేషన్లో అప్పగించాలి, అయిపోయాక తెచ్చుకోవాలి. ఎప్పుడూ ఉండేదే. కానీ ఈసారి ఆలస్యం చేసినవాళ్లను రద్దు చేసే లిస్టులో రాసుకుంటారని మామకు ఎవరో చెప్పారు. అంతే, అందరికంటే ముందు తుపాకి భుజాన వేసుకుని పావగడ బస్సెక్కాడు. ఇంకా ఆర్డరు రాలేదు, పది రోజులాగి రమ్మని అక్కడి పోలీసు చెప్పినా వినలేదు. బతిమాలి మరీ అప్పగించి, రసీదు జేబులో పెట్టుకుని విజయగర్వంతో వచ్చాడు.

ఆ రోజు నుంచి ఆయన చేను దగ్గర పడుకోవడం మానేశాడు. తుపాకి లేకుండా కాపలా ఏంది, కుక్క మాదిరి అన్నాడు.

ఊడలు దిగి కాయలు గట్టిపడే సమయం అది. చుట్టూ పది ఊళ్లలో వేరుశనగ వాసన ఉన్నది మా ఇంటి వెనకే. తుపాకి ఇచ్చిన నాలుగో పొద్దున అత్త కేక విని పరుగెత్తాను. ఐదు గుంటలూ దున్నేసినట్టు ఉన్నాయి. ఒక్క మొక్క నిలబడి లేదు. అడవి పందులు ఎక్కడికీ పోలేదు, మేం పంట పెట్టేదాకా ఓపిక పట్టాయి. అత్త మట్టిలో కూర్చుని నమిలి ఊసిన తొక్కలు ఏరుతోంది. మామ రసీదు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఎవరికి చూపించాలో ఆయనకు తెలియలేదు.

రెవెన్యూ ఇన్‌స్పెక్టరు అదే వారం వచ్చాడు. చేను చుట్టూ తిరిగి, పంట ఏదని కన్నడంలో అడిగాడు.

"మొన్నటిదాకా ఉండె సార్. పందులు తినేసినాయి."

"తుపాకి ఏం చేస్తోంది?"

"స్టేషన్లో ఉండాది సార్."

"అందరి తుపాకులూ ఇళ్లలోనే ఉన్నాయే. నీది ఎందుకు ఇచ్చావు?"

మామ తల దించుకున్నాడు. "రూలుకు బద్దంగా ఉండామని సార్."

ఇన్‌స్పెక్టరు చాలాసేపు నవ్వాడు. తర్వాత, ఏమనుకున్నాడో, గట్టు మీద కూర్చుని రాసుకున్నాడు. అడవి పందుల బాధ తీవ్రంగా ఉంది, తుపాకి లేనందువల్ల పంట మొత్తం పోయింది, లైసెన్సు తప్పక కొనసాగించాలి. నెల తిరక్కుండా రెన్యువల్ వచ్చింది. మూడేళ్లకు, నేనే చదివి వినిపించాను. ఆ ఏడుగురిలో మొదట వచ్చింది మా మామకే.

శ్రావణంలో, ఎవరూ నమ్మని సమయంలో, వాన పడింది. ఊరంతా అరకలు కట్టింది. మాకు విత్తనం లేదు. కుండ ఖాళీ, ఒక మూల వేసుకోవడానికి కూడా లేదు. ఆరెకరాలూ తడిసి, పదునెక్కి, మళ్లీ ఎండిపోతుంటే మామ ఆ దారిన నడవడం మానుకున్నాడు. అత్త ఖాళీ కుండ కడిగి మళ్లీ అటక మీద పెట్టింది. నాలుగు మాటలు అని ఉంటే బాగుండేదనిపించింది నాకు.

కాయ దిగే రోజులకు ఆయన, ఎలక్షన్లు అయ్యాక స్టేషను నుంచి తెచ్చుకున్న తుపాకిని గోడ మీంచి దింపి, నూనె పట్టించి, పక్కవాళ్ల చేలో పోయి కూర్చోవడం మొదలుపెట్టాడు. ఎవరూ పిలవలేదు, ఆయన అడగనూ లేదు. మధ్యాహ్నం సంగటి తీసుకుపోయి, ఇది మన చేను కాదు కదా మామా అన్నాను.

"లైసెన్సు నువ్వే చదివినావు కదమ్మా. పంట కాపలాకు అనుండాది. ఎవురి పంట అని యాడైనా ఉండాదా?"

లేదన్నాను. తుపాకి పక్కన పెట్టి చేతులు కడుక్కోమన్నాను. ముద్ద ఆయన చేతికిచ్చి, తినేదాకా ఆ చేను నేను చూసుకున్నాను.