దుబాయికి ఎన్ని పూటల సద్ది

ఊరికి పోయేటప్పుడు తిండి కట్టుకుంటుంటే “అక్కడ దొరకదా?” అని అడిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మా అవ్వ దూరాన్ని సద్దితో కొలిచేది. కరీంనగర్‌కు సద్ది అక్కర్లేదు, ఆదిలాబాద్‌కు ఒక పూట, బొంబాయికి మూడు పూటలు. ఆమె కొడుకు, మా బాపు, మొదటిసారి దుబాయికి బయలుదేరినప్పుడు కూడా ఆమె అదే లెక్క వేసింది. బొంబాయి దాకానే బస్సులో అంతసేపు పడితే, సముద్రం దాటడానికి వారమైనా పడుతుందనుకుంది. ఎండు జొన్నరొట్టెలు మూట కట్టి, పెద్ద రేకు డబ్బా నిండా సకినాలు నింపి ఇచ్చింది.

బొంబాయిలో విమానమెక్కిన బాపు మూడు గంటల్లో దుబాయిలో దిగాడు. దారిలో మూట ముడి విప్పనేలేదు.

రెండేళ్లకు సెలవు మీద వచ్చి ఆ సంగతి చెప్తే పిల్లలం పడీ పడీ నవ్వాం. అవ్వ చిన్నబుచ్చుకుంది.

“నవ్వకుండ్రి,” అన్నాడు బాపు. “నేను పోయేసరికి రూంల జాగ లేదు. అందరు మన దిక్కోళ్లే, సకినాలు తినక ఏండ్లయింది. డబ్బ మూత తీసినంక ఒకాయన లేసి నాకు మంచమిచ్చి, తను కింద పండిండు.”

బాపు మళ్లీ వెళ్లే ముందు అవ్వ పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. ఈసారి డబ్బాలు రెండయ్యాయి.

“మూడు గంటలల్ల దిగుత గదనే, గింతగనం ఎందుకు?” అన్నాడు బాపు.

అవ్వ తలెత్తకుండానే చెప్పింది. “గివి నీకు గాదు. కింద పండినాయనకు.”