భిక్షాపాత్రలో సున్నుండలు

మాంచెస్టర్‌లో ఉన్న రోజుల్లో, అమ్మ తద్దినం నాడు ఆవిడకి ఇష్టమైనది ఎవరికైనా పెట్టాలనిపించింది. సున్నుండలు చేసుకుని, ఊరికి దూరంగా కొండల్లో ఉన్న చిన్న బౌద్ధ ఆరామానికి బస్సెక్కాను.

పొగమంచులోంచి భిక్షువులు నేలకి తగలకుండా తేలుతున్నట్టు వచ్చారు. అందరికీ తలో ఉండ పెట్టాను. చివర వచ్చిన ముసలి ఇంగ్లీషాయన పాత్రలో మిగిలిన నాలుగూ పెట్టేశాను. ఆయన కళ్లు దించుకునే నవ్వారు.

పక్కన అన్నం వడ్డిస్తున్న శ్రీలంక ఆంటీ, ఆయన దాటాక మెల్లగా అన్నారు. "ఆయనకి షుగర్. వీళ్లు ఇది కావాలనీ, అది వద్దనీ అనరు. పుణ్యమని అందరూ తీపే తెస్తారు."

అమ్మకీ షుగరే. చివరి పదేళ్లూ సున్నుండల డబ్బా ఆవిడకి అందకుండా అటక మీద పెట్టింది నేనే.

భోజనాలయ్యాక వెళ్లి ఆయనకి అంతా చెప్పాను. "ఒకటి తిన్నాను. మిగతావి పంచేశాను," అన్నారాయన. "మీ అమ్మగారికి ఎందుకిష్టమో తెలిసింది."

మరుసటేడు సొరకాయ కూర, జొన్నరొట్టె తీసుకెళ్లాను. సొరకాయంటే అమ్మ ముఖం తిప్పుకునేది. ఆయన తిప్పుకోలేదు, బుద్ధిగా పాత్ర చాపారు. కానీ కదలబోతూ, నా పక్కాయన చేతిలోని మిఠాయి డబ్బా వైపు ఓరగా చూశారు, అచ్చం అమ్మలాగే.

ఈసారి నేను చూడనట్టు ఊరుకున్నాను.