గొంతు మారిన పాట

అహేరి నుంచి సిరోంచ పోయే బస్సుల కిటికీ పక్కన కూసున్న. తమ్ముడు చనిపోయి అప్పటికి నాలుగు నెలలు. నాకు ఏడుపు రాలేదు, అసలు ఏమీ అనిపించలేదు. మేమిద్దరం పిచ్చిగ వినే మెటల్ బ్యాండు కొత్త ఆల్బమ్ ఆ రోజే వచ్చింది. ఫోన్ల పెట్టుకొని విన్న. డ్రమ్ముల మోత లేదు, గొంతు చించుకునే అరుపుల్లేవు. పాటగాడు మెల్లగ, మాట్లాడినట్టు పాడుతున్నడు. వీళ్లు గూడ మారిపోయిండ్రనుకొని ఆపేసిన.

పక్క సీట్ల ఒక పెద్దామె ఉన్నది. నాట్లేసి వస్తున్నట్టుంది, కాళ్ల బురద ఇంక ఆరలేదు.

"ఏం పాట బిడ్డా, గట్ల మొకం మాడ్చినవ్?" అన్నది.

ఒక ఇయర్‌ఫోన్ ఆమె చెవుల పెట్టి, ముందు పాత పాట, తర్వాత కొత్తది వినిపించిన.

"ముందు గట్ల అరిచేటోడు అవ్వా. ఇప్పుడు చప్పగైండు."

ఆమెకు ఆ పాటల ఇంగ్లీషు రాదు. అయినా పాట అయిపోయేదాక కండ్లు మూసుకొని విన్నది.

"చప్పగ కాలేదు. ఆయనకేదో అయ్యింది బిడ్డా. మా ఆయన పోయినంక మా ఇంట్ల గూడ ఏడాది దాక ఎవ్వలం గట్టిగ మాట్లాడలే."

ఇయర్‌ఫోన్‌ను కొంగుతోని తుడిచి నా చేతుల పెట్టింది. తన ఊరు రాంగనే దిగిపోయింది.

సిరోంచ వచ్చేదాక ఆల్బమ్ మొత్తం విన్న. ఇంటికి పోంగనే అమ్మ, "తమ్ముని అంగీలు ఎవలకన్న ఇద్దామారా?" అని మళ్లా అడిగింది. రోజూ ఇనబడనట్టు లోపలికి పోయేటోన్ని. ఆ రోజు అమ్మ పక్కన కూసున్న.

"ఒక్కటి నాకు ఉంచు," అన్న.